ఓబులవ్వ తట్టిన గోడ

అనగనగా అంటే, మన అవ్వలకు అవ్వలు కూడా పుట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక పల్లె. అక్కడ విస్తర్లు కుట్టి బతికేది ఓబులవ్వ. తాగేది పలచటి గంజే గానీ నోరు మాత్రం గట్టిది.

ఏరు పొంగినప్పుడల్లా ఇళ్లు కొట్టుకుపోతున్నాయని రాజు రాతిగోడ కట్టమన్నాడు. ఇంటింటా ధాన్యం వసూలు చేసి మంత్రి కట్టించాడు. పైన సున్నం పూశారేమో, చూస్తే కళ్లు జిగేల్మన్నాయి.

ఓబులవ్వ వెళ్లి వేలి కణుపుతో తట్టింది. డొల్లగా పలికింది.  ఆమె మనవలు పడుకునేది ఆ గోడ కిందే మరి.

మేస్త్రీని అడిగింది. "నాయనా, దోసెడు గింజలకు కొనే కుండను తట్టి చూస్తామే, ఊరంతా పోసి కట్టిన గోడను తట్టొద్దా?"

"మంత్రిగారినడుగు పో అవ్వా" అని అతను తల దించుకున్నాడు.

మంత్రినడిగింది. "కుండను తట్టి చూస్తామే, గోడను తట్టొద్దా?"

"రాజుగారి గోడ సంతలో కుండా, ముసలిదానా!" అని కసిరాడు.

రాజునడిగింది. "కుండను తట్టి చూస్తామే, గోడను తట్టొద్దా?"

సభ గొల్లున నవ్వింది. మంత్రి లేచాడు. "ప్రభూ, తట్టనివ్వండి. గోడ గట్టిదని తేలితే ఈమె చెయ్యి నరికించండి."

ఓబులవ్వ తన చెయ్యి చూసుకుంది. చెయ్యి పోతే విస్తరి లేదు, విస్తరి లేకపోతే గంజి లేదు. అయినా, "సరే నాయనా, రోకలి తెచ్చుకుంటా" అంది.

మొదటి పోటుకు సున్నం రాలింది. మంత్రి నవ్వాడు. రెండో పోటుకు రాయి కదిలింది. మంత్రి నవ్వు ఆగింది. మూడో పోటుకు గోడ కడుపు పగిలి ఊకా ఇసుకా జలజలా కారాయి. ఊరి ధాన్యం మంత్రి గాదెలోకి పోయింది, ఊక గోడలోకి వచ్చింది!

రాజు సిగ్గుపడ్డాడు. మంత్రి దాచిన గాదెలు తెరిపించి గోడ మళ్లీ కట్టించాడు. "అవ్వా, ఇకపై నా కట్టడాలన్నీ నువ్వే తట్టు. ఏటా పుట్టెడు గింజలిస్తా" అన్నాడు.

"వద్దు నాయనా. నీ గింజలు తింటే నా చెయ్యి నీ పాటే పాడుతుంది."

బతికినన్నాళ్లూ తన గంజి తాను తాగి, ఊరూరా తిరిగి తట్టింది. ఎంత గుండె కావాలి దానికి!

ఆమె పోయాక రాజు గుడి కట్టిస్తానన్నాడు. పల్లెజనం చేతులు జోడించారు. "వద్దు ప్రభూ! 'ఎవరి గింజలతో?' అని అవ్వ పాడె మీంచి లేచి అడుగుతుంది."

అందుకే ఆమెకు గుడీ లేదు, రాయీ లేదు. కానీ ఆ వైపు ఇప్పటికీ బడి కట్టినా, వంతెన కట్టినా, కొబ్బరికాయ కొట్టే ముందు ఊళ్లో ఒక ముసలమ్మ వచ్చి తట్టాలి. ఆమె తల ఊపేదాకా ఎంతటి పెద్దమనిషైనా ఎండలో నిలబడాల్సిందే.