అత్తగారి మెడ మీద ఈకలు

గడ్డివామి పక్కన ఆ పొద్దు కోర్టు కూడింది. జడ్జీ పెద్దెద్దుగారు నెమరు వేస్తూ వింటున్నారు. బోనులో ఉన్నవాడు డేగపుంజు. పెళ్లాన్ని పొడిచి పొడిచి హింసిస్తున్నాడని కేసు. పెట్టింది అతని భార్య చుక్క. నేరం తేలితే పుంజు దొడ్డి వదిలి పోవాలి. తేలకపోతే పొద్దు గూకగానే చుక్క మళ్లీ అతనితో ఒకే గంప కింద దూరాలి.

పుంజు తరఫు సాక్షి అతని తల్లి తుమ్మెదమ్మ, ముసలి నల్లపెట్ట. కోడలి వంక చూడలేక కాలితో మట్టి గీరుతూ నిలబడింది. ఆ గంప కిందే ఆమె కూడా పడుకునేది, అక్కడ జరిగేది ఆమెకు తెలియనిదేమీ కాదు. "సర్దుకుపోవే, మగాడన్నాక కాస్త కోపం ఉంటుంది" అని కోడలికి నచ్చజెప్పింది కూడా.

పుంజుకి వకీలు నక్క. నోరు విప్పితే మాటలతో కోటలు కట్టేస్తాడు.

"అయ్యగారూ, ఈ మధ్య మొగుడు చిరాకుపడితే చాలు, కేసే! ఇంతకీ దెబ్బలెక్కడ? మెడ మీద నాలుగు ఈకలు లేవు, అంతే. కాలం వస్తే ఏ కోడికి ఈకలు రాలవు?"

"ఉత్త మాటల మీద నేను శిక్ష వెయ్యను. అబద్ధపు కేసులూ చూశాను" అన్నారు పెద్దెద్దుగారు. "అమ్మాయ్, నువ్వేమంటావు?"

"అవి రాలలేదు బాబుగారూ, పీకేశాడు. గింజ నేను ముందు ముట్టానని ఒకసారి. పిల్లల్ని ఆలస్యంగా తోలుకొచ్చానని ఇంకోసారి. మిగతా అన్నిసార్లూ ఏ కారణమూ లేదు. మా అత్తకి తెలుసు."

తుమ్మెదమ్మ మట్టి గీరడం ఆపింది.

"ఆవిడనే అడుగుదాం" అన్నాడు నక్క. "ఏమ్మా, మీ అబ్బాయి కోడలిని ఎప్పుడైనా పొడిచాడా?"

"లేదు బాబూ. ఆడు మెత్తనోడు. దానివి రాలిపోయాయంతే."

అక్కడితో ఆపేస్తే నక్క గెలిచేవాడే. గెలుపు కనబడ్డాక అతని నోరు ఊరుకోలేదు. తుమ్మెదమ్మను ముందుకు లాక్కొచ్చి అందరికీ కనబడేలా మెడ వంచాడు.

"చూడండి! కోడలికి ఎక్కడ బోడో, అత్తకీ సరిగ్గా అక్కడే! ఈమెనెవరు పొడిచారు? ఇది ఈ కోళ్ల వంశంలోనే ఉందండీ!"

పెద్దెద్దుగారు నెమరు ఆపారు. "వంశమా? కోడలు సంతలోంచి వచ్చిన పిల్ల కదయ్యా!" అని ముసలిదాని వైపు తిరిగారు. "తుమ్మెదమ్మా, రాలిన ఈక మళ్లీ మొలుస్తుంది. నీవి ఎన్నాళ్లుగా లేవు?"

ఇన్నేళ్లూ పక్క ఈకలు దువ్వుకుని కప్పుకున్న చోటు అది. దొడ్డంతా చూస్తోంది, కోడలూ చూస్తోంది. తుమ్మెదమ్మ సిగ్గుతో చితికిపోయింది.

"వీడి నాన్న ఉన్నప్పటినుంచీ" అంది. "ఆయన పోయి ఏళ్లయింది. కుదుళ్లతో పీకేశాడు బాబూ, ఇంక మొలవవు."

"మరి నీ కొడుకు?"

"అప్పుడు నా రెక్క కిందే ఉండి అన్నీ చూశాడు. ఇప్పుడు దానికీ అదే చేశాడు. నా కళ్లముందే జరిగింది, నేను కళ్లు మూసుకున్నాను. ఇందాక మీకు చెప్పింది అబద్ధం."

"సాక్షి మాట మారుస్తోంది!" అని అరిచాడు నక్క.

"ఆ మెడ వంచి చూపించింది నువ్వే కదయ్యా" అన్నారు పెద్దెద్దుగారు. నక్క తోక ముడిచాడు. పుంజును దొడ్డి దాటించారు.

సాయంత్రం తుమ్మెదమ్మ గంప దగ్గరికొచ్చి బయటే ఆగిపోయింది. చుక్క పిల్లల్ని పక్కకి జరిపి చోటిచ్చింది.

"అత్తా, నేను మొదటిసారి ఏడ్చిన రోజు నీ మెడ నాకు చూపించి ఉంటే?"

తుమ్మెదమ్మ ఆ చోటులోకి తల వంచుకుని దూరింది.

నీతి: ఇంట్లో హింసను కప్పిపుచ్చితే, అది మన తర్వాతివాళ్ల మీద పడుతుంది.