చిలుక కూర్చున్న సందు

మీ ముత్తాతల ముత్తాతలు పుట్టకముందు, ఏడు సముద్రాలకు ఇవతల, ధీరమల్లుడని ఒక రాజుండేవాడు పిల్లలూ. ఆ రాజ్యంలో ఒక వెర్రి ఆచారం ఉండేది. అతిథికి రొట్టెను ముక్కలు చేసి పెట్టేవారు. మామూలువాడికి రెండు ముక్కలు, మంత్రికి ఎనిమిది, రాజుకు అరవై నాలుగు. రొట్టె అదే! ఒక్కటే రొట్టె! అయినా ముక్కలు ఎక్కువైతే తిండి ఎక్కువని పెద్ద పెద్ద పండితులే నమ్మేవారు. నవ్వకండి, వినండి.

రాజుకు ముగ్గురు కొడుకులు. జయమల్లుడు, రణమల్లుడు, చినమల్లుడు. చినమల్లుడి తల్లిని రాజు దూరం పెట్టాడు. అందుకని వాడు వంటశాలలో పెరిగాడు. ఆ ముక్కలు కోసేది వాడే. సగం రొట్టెను ఒక్క ముక్కగా పెట్టినా, నాలుగు ముక్కలుగా పెట్టినా సగమేనని వాడి చేతులకు తెలుసు.

రాజుగారి మేనకోడలు ఇందుముఖి. ఆమె నీడను ఘోరకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఇక ఆమె ఎండలో నిలబడితే ఎండ ఆమెలోంచి దూరిపోయి వెనక గోడమీద పడేది. మాట్లాడితే మాట పక్క గదిలోంచి వినిపించేది. "బావా, నన్ను గట్టిగా పట్టుకో, పలచబడిపోతున్నాను" అని చినమల్లుడితో అనేది. పున్నమి చంద్రుడు వచ్చేలోగా నీడ దొరక్కపోతే ఆమె ఇక ఉండదు.

ముందు జయమల్లుడు ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడి గుహలో గాలి లేదు. ఇందుముఖి నీడ ఆరేసిన చీరలా గోడకు వేలాడుతోంది.

"ఇస్తాను నాయనా, ఒట్టు" అన్నాడు మాంత్రికుడు. "పదింట తొమ్మిది వంతులు ఇస్తాను. మిగిలినదాన్ని మళ్లీ పది చేసి తొమ్మిది ఇస్తాను. అలా ఇస్తూనే ఉంటాను, ఎప్పటికీ ఆపను."

కత్తితో కోసి ఇస్తున్నాడు. ముక్కలు పెరుగుతున్నాయని జయమల్లుడు మురిసిపోయి లెక్కపెడుతూ కూర్చున్నాడు. కోసినప్పుడల్లా ఎక్కడినుంచో ఒక చిలుక "ఇంకొంచెం ఉంది" అని అరిచేది. గొంతే గాని చిలుక కనపడదు. జయమల్లుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయైపోయాడు. పెదవులు మాత్రం లెక్కపెడుతూనే ఉన్నాయి.

తరవాత రణమల్లుడు వెళ్లాడు. నాలుగు కోతలు చూసి, "ఇంచుమించు వచ్చేసినట్టే, చాల్లే" అన్నాడు. తక్కువకు ఒప్పుకున్న ఆ క్షణమే వాడూ రాయి.

ఆఖరికి చినమల్లుడు బయలుదేరాడు. ఏడో సముద్రం ఒడ్డున ఒక చీమకు రొట్టె పొడి పెట్టాడు. చీమ మాట్లాడింది.

"రాకుమారా, ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. వాడు ఇచ్చే తొమ్మిదులన్నిటికీ, నిండు నీడకూ మధ్య సందులో చిలుక కూర్చుందంటాడు. నేను దూరని సందు లేదు. ఎంత వెతికినా ఆ సందు నాకు దొరకలేదు. కానీ ఉందని నమ్మినవాళ్లందరూ రాళ్లయ్యారు."

పున్నమినాటి ఉదయం చినమల్లుడు గుహలో అడుగుపెట్టాడు. అన్నలకు ఇచ్చిన మాటే మాంత్రికుడు వాడికీ ఇచ్చాడు.

"వంటవాడా! ముక్కలు కోయడం తప్ప నీకేం వచ్చు?" అన్నాడు మాంత్రికుడు.

"అదొక్కటే వచ్చు తాతా. ఎప్పటికీ ఆపనన్నావు, ఒట్టేనా?"

"ఒట్టే."

"అయితే ఇవాళ్టిదాకా ఇచ్చింది కాదు నేనడిగేది. ఇస్తానన్నదంతా, ఆపకుండా, కలిపితే ఎంత?"

"నిండు నీడకు కొంచెం తక్కువ."

"ఎంత తక్కువ?"

"వెంట్రుకంత."

"ఐదారు కోతలయ్యేసరికి వెంట్రుకంత కూడా మిగలదు. అబద్ధం."

"ధూళి రేణువంత!"

"ఇంకో నాలుగు కోతలు. అదీ అబద్ధమే."

"ఇంకొంచెం ఉంది" అంది చిలుక. ఈసారి గొంతు బావి అడుగునుంచి వచ్చినట్టుంది.

"రేణువులో కోటో వంతు!" అని అరిచాడు మాంత్రికుడు.

"ఇంకో ఎనిమిది కోతలు. నువ్వు ఎంత చిన్నది చెప్పినా నీ కత్తే దాన్ని దాటిపోతుంది. ఏ తక్కువా పట్టని సందు సందే కాదు. నువ్విస్తానన్నది ఇంచుమించు కాదు తాతా. సరిగ్గా అంతే. అదే నిండు నీడ. తీసి ఇవ్వు!"

మాంత్రికుడు ఇంకా చిన్నది చెప్పాలని నోరు తెరిచాడు. "ఇంకొం..." అని చిలుక గొంతు ఆగిపోయింది.

"నా చిలుక ఏది?" అన్నాడు వాడు మెల్లగా.

"అది కూర్చోడానికి చోటు ఎప్పుడూ లేదు."

కత్తి నేలమీద పడింది. దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు. అంగీ జారింది. దానిలో ఎవరూ లేరు.

గోడమీది నీడ, ముందు కోసిన ముక్కలూ కలిసి చినమల్లుడి భుజంమీద చల్లగా వాలాయి. రాళ్లు కళ్లు తెరిచాయి. అన్నదమ్ములు ముగ్గురూ చంద్రుడు పైకి రాకముందే ఇల్లు చేరారు. చినమల్లుడు నీడను ఇందుముఖి పాదాల దగ్గర పరిచాడు.

"బావా, బరువుగా ఉంది" అంది. ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది.

వాళ్లకు పెళ్లయింది. అరవై ఏళ్లు చల్లగా రాజ్యం ఏలారు. ఎండ వచ్చినప్పుడల్లా ఇందుముఖి వంగి తన నీడను వేలితో తడిమి చూసుకునేది. అన్ని కోతలు కోసిన నీడ, ఒక్క అతుకైనా కనపడదేమని. ఎంత తడిమినా దొరకలేదు. లేనిది ఎలా దొరుకుతుంది?