సోమాచారి అరగదీసిన చెప్పులు

అనగనగా ఏటి పక్కన ఒక ఊరు, ఆ ఊళ్ళో సోమాచారి అని ఒక కంసాలి. ఊఁ కొట్టు మరి, నువ్వు ఊఁ కొట్టకపోతే నేను చెప్పను.

సోమాచారి చేతి పనంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పడి చచ్చేవి. ఎవరింట్లో పెళ్ళయినా పుస్తెలు ఆయనే చెయ్యాలి. పొద్దున్నే కుంపటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే లేవడం. అన్నం కూడా అక్కడికే.

ఆయనకి కనకం అని ఒక్కతే కూతురు, నీ ఈడుది. "నాన్నా, ఏటిదాకా వెళ్ళొద్దాం రా" అని రోజూ వేలు పట్టుకుని లాగేది. "రేపు తల్లీ" అనేవాడు. ఎప్పటికొస్తుందమ్మా ఆ పాపిష్టి రేపు!

అలా కూర్చుని కూర్చుని ఆయన కాళ్ళు మొద్దుబారిపోయాయి. గిల్లినా తెలీదు. ఒకరోజు కుంపట్లోంచి నిప్పురవ్వ ఎగిరి పాదం మీద పడింది. చర్మం కాలిన వాసన వచ్చాక గానీ ఆయన చూసుకోలేదు.

అప్పుడు ఊరూరా తిరిగే ముసలి వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన కాళ్ళు పట్టి చూశాడు. "దీనికి మందు లేదయ్యా. రోజూ పొద్దున్నే ఏటిదాకా నడిచి రా. మూడు జతల చెప్పులు అరిగేలోపు నీ కాళ్ళు నీకొస్తాయి. నడవకపోతే మంచాన పడతావు. ఈసారి వచ్చినప్పుడు నీ మాట వినను, చెప్పులు చూస్తాను" అన్నాడు.

సోమాచారి మొదటి జత తొడుక్కుని రెండు పొద్దులు నడిచాడు. కనకం ముందు ముందు గెంతుతూ పోయింది. ఆ తర్వాత మాఘమాసం ముహూర్తాలు వచ్చిపడ్డాయి. చెప్పులు గుమ్మం పక్కనే ఉండిపోయాయి.

ఇంతలో వైద్యుడు వస్తున్నాడని కబురొచ్చింది. అప్పుడేం చేశాడో తెలుసా? నగలు నునుపు చేసే ఆకురాయి తీసుకుని ఆ చెప్పుల అడుగులు గరగరా అరగదీశాడు! కంసాలికి కాక మరొకడికి తడుతుందా ఆ ఉపాయం? బంగారప్పొడి అయితే రవ్వంత కూడా పోనివ్వడు. ఆ తోలు పొడిని మాత్రం ఉఫ్ అని ఊదేశాడు.

రెండో జతకీ అదే పని చేశాడు. వైద్యుడు చెప్పులు తిప్పి తిప్పి చూశాడు. "బాగానే అరిగాయే, మరి కాళ్ళెందుకు తేరుకోలేదు? సరే, మూడో జత కూడా చూద్దాం" అని తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు పాపం.

ఇదంతా కనకం చూస్తూనే ఉంది. "నాన్నా, చెప్పులు అరిగిపోతే నీ కాళ్ళు బాగైపోతాయా?" అని అడిగింది.

ఆయన తలెత్తలేదు. "ఆఁ, బాగైపోతాయమ్మా. పోయి ఆడుకో" అన్నాడు.

పిల్ల నమ్మింది. నాన్న మాట పిల్లలు నమ్మక ఇంకెవరు నమ్ముతారు? నాన్నకి తీరిక లేదు, నేనే అరగదీస్తాను అనుకుంది. వాళ్ళమ్మ వాకిట్లో ముగ్గేస్తుంటే, మూడో జత తీసి, ఆ పెద్ద పెద్ద చెప్పుల్లో చిన్న పాదాలు దూర్చుకుని పెరటి దారిన ఏటిదాకా వెళ్ళొచ్చేది. వచ్చి చెప్పుల్ని ఎక్కడివక్కడ పెట్టేసేది. సోమాచారికి ఆ సంగతే తెలీదు. తలెత్తితే కదా!

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఏరు నిండింది, గట్టంతా బురద. ఒక పొద్దున ఆ పెద్ద చెప్పు సర్రున జారింది.

"నాన్నా!" అన్న కేక కుంపటి దాకా వినిపించింది. సోమాచారి లేచాడు, పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. మూడోసారి లేవలేక, మోచేతుల మీద పాక్కుంటూ పోయాడు. వెళ్ళేసరికి గట్టు మీద ఒక్క చెప్పు ఉంది.

బతికిందా అని అడగకు. బతికిందని చెప్పాలనే నాకూ ఉంది, నోరు రావడం లేదు.

ఆ తర్వాత సోమాచారి కుంపటి రాజేయలేదు. రోజూ ఏటిదాకా పోయేవాడు. మొదట్లో దేక్కుంటూ, తర్వాత కర్ర పట్టుకుని, ఆ తర్వాత ఏ ఆసరా లేకుండా. వైద్యుడు చెప్పినట్టే కాళ్ళొచ్చాయి. ముల్లు గుచ్చుకుంటే నొప్పి తెలిసింది. బతికినన్నాళ్ళూ అలాగే నడిచాడు, పక్కనెవరో పట్టుకుంటారన్నట్టు ఒక వేలు చాపి.

ఏడవకు. ఇలా దగ్గరికి రా. మీ నాన్నగారు కూడా రోజంతా ఆ కంప్యూటర్ ముందే కదూ, ఎప్పుడడిగినా రేపే కదూ. నేను చెబితే అత్తగారు నీతులు చెప్పొచ్చిందంటారు. పొద్దున్నే నువ్వే చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టు. రేపు అన్నారో, పట్టుకున్న వేలు వదలకు.

కథ నడిచి నడిచి కంచికి,
మనం నడిచి నడిచి ఇంటికి,
నిద్ర నడిచి రావాలి నీ కంటికి.