ఎకరన్నర పొగ

మదారు సాహెబు గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. మా గుండ్లవరం చుట్టుపక్కల సన్నాయిలో ఆయనంతటివారు లేరు. నాకు సరిగమలు కూడా రావు. అలాంటివాణ్ణి ఒకసారి ఊరికే ఉండక, రాగం అంటే ఏమిటండీ అని అడిగి, సాయంత్రం దాకా ఆయన పెరట్లో సన్నాయి పీకలకు రెల్లు చీలుస్తూ కూర్చున్నాను. నా సంగతి సరే, ఇది ఆయన శిష్యుడు అంకబాబు అడిగిన ప్రశ్న సంగతి.

మా ఊరికి ఒక పక్క సున్నం బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీ, ఇంకో పక్క కాలవ కింద వరి. వానాకాలం హాయిగానే ఉంటుంది. మార్గశిరం వచ్చిందంటే మంచు మూతలా దిగుతుంది. దాని కింద బట్టీల పొగ, లారీల దుమ్ము, వరి కొయ్యలు కాల్చిన పొగ, అన్నీ ఎటూ పోలేక మన ముక్కుల్లోకే వస్తాయి. సాహెబు గారికి క్రితం చలికాలమే ఆయాసం పట్టుకుంది. ఈసారి పొగ తగిలితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి, ఆయన దగ్గితే చాలు మా వీధిలో అందరం తలుపుల దాకా వచ్చేవాళ్లం.

అంకబాబు ఆయనింట్లో అన్నం తిని పెరిగిన శిష్యుడు. సొంతానికి ఎకరన్నర పొలం ఉంది. కోత మిషను వచ్చి వెళ్లింది, కొయ్యలు మిగిలాయి. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర వాడి జేబులో అగ్గిపెట్టె చూసి సాహెబు గారు, "దున్నించకూడదురా?" అన్నారు.

"ట్రాక్టరు వచ్చేసరికి రెండో పంట అదును దాటిపోతుందండీ. అయినా గురువుగారూ, ఇన్ని బట్టీలు, అంత ఫ్యాక్టరీ, ఇన్ని లారీలు. ఇంత ఊళ్లో నా ఒక్కడి పొగ ఎంతండీ?"

సాహెబు గారు టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "రేపు పెళ్లిలో ఒత్తు నువ్వు పట్టు" అన్నారు.

ఒత్తు అంటే సన్నాయి పక్కన శ్రుతి కోసం ఊదేది. ఒకటే స్వరం, తెగకూడదు. బుగ్గల్లో గాలి నిలిపి ఊదుతూనే ముక్కుతో పీలుస్తూ ఉండాలి. కొత్తగా చేరినవాళ్ల పని అది. డోలు వాయించే రోశయ్య ఊరుకుంటాడా? "ఏరా, మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారా నిన్ను?" అన్నాడు. అంకబాబు మొహం మాడ్చుకుని, అటు నుంచి అటే పొలానికి పోయి, కొయ్యలకు నిప్పు పెట్టాడు.

తెల్లవారుజామున ముహూర్తం. నేను టిఫిన్ల బంతిలో ఉన్నాను. పొగ రావడం ఎవరూ చూడలేదు, ఉన్నట్టుండి ఎదుటి వరసలో మనుషులు కనపడటం మానేశారు. పందిట్లో లైట్లు పచ్చటి మరకల్లా మిగిలాయి. అంతా కొంగులు, కండువాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. అంకబాబుకు ఆ వీలు లేదు. రెండు చేతులూ ఒత్తు మీద ఉన్నాయి, ముక్కు తెరిచే ఉండాలి. మొదట సున్నం ఘాటు తగిలిందట, తర్వాత డీజిలు. ఆ వెనక పచ్చిగా, కాస్త తియ్యగా ఒక వాసన. అది వాడికి బాగా తెలిసిన గడ్డి.

అప్పుడే పక్కన సన్నాయి పలుకు పొట్టిదవడం మొదలైంది. పల్లవి ఎత్తుకుంటున్నారు, చివరిదాకా పోవడం లేదు. పంతులుగారు గట్టిమేళం అని కేకేశారు. తాళి కట్టే సమయానికి మేళం పందిరి ఎగిరిపోయేలా మోగాలి కదా. డోలు మోగింది, సన్నాయి లేవలేదు. రోశయ్య చెయ్యి కూడా ఆగింది. ఇక ఆ పొగలో ఒత్తు ఒక్కటే వినపడుతూ ఉంది. పెళ్లికూతురి తండ్రి, "సాయిబుగారూ, సాయిబుగారూ" అంటున్నాడు. ఒత్తు ఆపితే తాళి నిశ్శబ్దంలో పడుతుంది. అంత అపశకునం ఇంకోటి లేదు. పొగలోంచి ఒక చెయ్యి వచ్చి అంకబాబు మోకాలు పట్టుకుంది. చల్లగా ఉందట.

వాడు ఒత్తు కింద పడేశాడు.

గురువును భుజాన వేసుకుని బయటికి పరుగెత్తాడు. బయట మాత్రం గాలి ఎక్కడిది? పూలు కట్టిన పెళ్లికొడుకు కారు కనపడింది. డ్రైవరు, "ఇది పెళ్లికొడుకు కారండీ" అంటుంటే వాణ్ణి తోసేసి, ఆయన్ని లోపల పడుకోబెట్టి, అద్దాలెత్తించి, ఏసీ వేయించాడు. నేను అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాను. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. గుండెల్లో పిల్లికూతలు, అవి కూడా మధ్యలో ఆగి ఆగి వస్తున్నాయి. ఆగినప్పుడల్లా అంకబాబు కూడా ఊపిరి బిగబడుతున్నాడు.

చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచారు. కాసేపు కారులో వేలాడే బంతిపూలు చూశారు.

"ఒత్తు ఎందుకు ఆపావురా?"

"మీకు ఊపిరి ఆడలేదండీ." వాడు ఏడుస్తున్నాడు.

సాహెబు గారు వాడి చొక్కా జేబులోని అగ్గిపెట్టె మీద వేలు ఆనించి, మెల్లగా అన్నారు:

"ఇంత పెళ్లిలో, నా ఒక్కడి ఊపిరి ఎంతరా?"