సగం ఎత్తులో ఆగిన వస్తాదు

గౌరినాయుడు బరువులెత్తడంలో జిల్లాకి మొదటి బహుమతి కొట్టిన మనిషి. నూట నలభై కిలోల బారుని నేలమీంచి భుజాలకీ, భుజాలమీంచి నెత్తిమీదికీ లేపేవాడు. అలాంటివాడు కట్టుకున్న పెళ్ళాన్ని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తలేకపోయాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మినా మానినా జరిగింది అదే.

కళావతి రెండేళ్ళ కిందట డాబా మీంచి పడింది. నడుం కింద స్పర్శ పోయింది. గిల్లినా తెలీదు, వాత పెట్టినా తెలీదు. అప్పట్నుంచీ రోజుకి ఆరుసార్లు గౌరినాయుడే ఆమెను ఎత్తి దించేవాడు. ఆ మధ్య ఒకనాడు అలా ఎత్తుతుంటే ఆమె పాదం మంచం కోడుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఎముక విరిగింది. నొప్పి తెలిస్తేగా ఏడవడానికి! మర్నాడు చూసేసరికి కాలు నల్లబడి ఉంది. ఆస్పత్రిలో నెల్లాళ్ళు ఉంచుకుని, మానక, చివరికి మోకాలి కిందనుంచి తీసేశారు.

ఇంటికి తెచ్చాక కళావతి ఒకటే మాటంది. "నీ సేతులంటే నాకు బయమేస్తంది. నాను మా తమ్ముడింటికి ఎలిపోతాను."

గౌరినాయుడు ముందు తన కోచ్ దగ్గరికి పరిగెత్తాడు. ఆ కోచ్ జబ్బలు చూసే అతను ఆ జిమ్‌లో చేరాడు. ఊళ్ళో సగంమంది చేరిందీ అందుకే. వంటవాడి బొజ్జ చూసి విస్తరి ముందు కూర్చునే రకం కదా మనం! కోచ్ అద్దంలో తన భుజాన్ని చూసుకుంటూ అంతా విని, "కాళ్ళలో పవర్ తగ్గినట్టుంది. స్క్వాట్‌లో ఇంకో ఇరవై కిలోలు పెంచుదాం," అన్నాడు.

గౌరినాయుడు బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాడు. అక్కడే ప్రాణం పోతే బాగుండునని అనుకున్నాడు. పోదు కదా. కాసేపటికి లేచి, పదహారేళ్ళ కిందట వదిలేసిన, కుస్తీ నేర్పే పాత తాలింఖానాకి నడిచాడు.

అక్కడి గురువు ఎర్రన్న వస్తాదు. వస్తాదంటే మెలితిరిగిన మీసాలూ కండలూ ఊహించుకునేరు, అదేం లేదు. డెబ్భై దాటిన మనిషి, ఎండిన బెండకాయలా ఉంటాడు. ఆయన దగ్గర చేరినవాడికి మూడు నెలలపాటు ఇనుము ముట్టే భాగ్యం లేదు. గోదాలో మట్టి తవ్వాలి. తోటివాణ్ణి వీపున వేసుకుని గోదా చుట్టూ తిరగాలి, తిరిగినంతసేపూ వీపుమీది వాడితో మాట్లాడుతూ ఉండాలి. ఈ కబుర్ల కసరత్తేమిటో ఆ వయసులో గౌరినాయుడి తలకెక్కలేదు. ఇరవయ్యో రోజున చెప్పాపెట్టకుండా మానేశాడు.

వస్తాదు అతన్ని గుర్తుపట్టాడు. "ఏట్రా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?"

గౌరినాయుడు జరిగింది చెప్పాడు. "నా బలం సాల్లేదు గురువుగారూ. ఇంకో నాలుగు రోజులే ఉంది. సుక్కురారం దాని తమ్ముడొచ్చి తీసుకుపోతాడు. ఈలోపల ఏదో ఒకటి నేర్పండి. నా సేతుల్ని అది మళ్ళీ నమ్మాలి."

"ఎలాగెత్తేవు?"

"మామూలుగానేనండి. సూపు గోడమీద ఒక్కచోట పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో. నేల వదిలిందంటే మరి సగంలో ఆగకూడదండి. ఆగితే బరువు మనమీదే పడిపోద్ది."

వస్తాదు గోదాకేసి చెయ్యి చూపించాడు. "పడుకో. నడుం కింద నీకేమీ లేదనుకో."

గౌరినాయుడు మట్టిలో వెల్లకిలా పడుకుని కాళ్ళు వదిలేశాడు. తొంభై కిలోల ఒళ్ళు. ముసలాయన తలవైపు మోకాళ్ళమీద కూర్చుని, అతని చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి, ముందు కూర్చోబెట్టాడు. "ఎత్తనా?" అన్నాడు. గౌరినాయుడు తలూపాడు. వస్తాదు ఒక మోకాలు నిలబెట్టి, అతన్ని తన తొడమీదికి లాక్కుంటూ పైకి లేపసాగాడు.

తన కాళ్ళు తనవి కానప్పుడు పైకి లేవడం ఎలా ఉంటుందో గౌరినాయుడికి ఎన్నడూ తెలీదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. కింద మడమ మెలికపడుతోంది.

"ఆగండి!" అని అరిచాడు.

వస్తాదు ఆగిపోయాడు. పైకీ లేపలేదు, కిందికీ వదల్లేదు. ముసలి మోకాలు గడగడ వణుకుతోంది. చెమట గౌరినాయుడి మెడమీద పడుతోంది. అయినా ఆయన మెడ వంచి అతని మొహంలోకే చూస్తున్నాడు.

"పైకా, కిందకా? నువ్వే సెప్పు."

"కిందకండి."

నెమ్మదిగా, గుడ్డు దించినట్టు దించాడు. దించి, పక్కనే మట్టిలో చతికిలబడి, ఆయాసం తీర్చుకున్నాడు.

"ఎందుకాగిపోయేరు గురువుగారూ? ఇంకొక్క ఊపు ఊపితే అయిపోను కదా. మీ నడుం ఇరిగిపోతే?"

"ఆగమన్నావు కదరా," అన్నాడు వస్తాదు.

గౌరినాయుడు లేవలేదు. మొహం మట్టికి తిప్పుకుని, ఇన్నాళ్ళూ డాక్టరుకీ చెప్పని, బావమరిదికీ చెప్పని మాట బయటపెట్టాడు.

"అదీ అందండి ఆ రోజు. ఆగు, ఆగు అని రెండుసార్లంది. నాకినబడింది."

నూట నలభై కిలోలు లేపినవాడు నేలకంటుకుపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు తగ్గేదాకా వస్తాదు అతని వీపుమీద చెయ్యి తియ్యలేదు.

"ఇప్పుడు నేర్చుకున్నాను కదండీ," అన్నాడు గౌరినాయుడు చివరికి. "అది మళ్ళీ నా సేతికి వస్తదంటారా?"

"అది నాకు తెలీదురా."

శుక్రవారం పొద్దున్నే ఈశ్వర్రావు ఆటో తీసుకొచ్చాడు. కళావతి తమ్ముడు, జెరాక్స్ షాపు నడుపుకునే బక్కపలచటి మనిషి. సంచులు ముందే సర్ది ఉన్నాయి. గౌరినాయుడు మంచం పక్కకి వెళ్ళి, చేతులు చాచకుండా నిలబడ్డాడు.

"నానెత్తనా?"

"వద్దు," అంది కళావతి.

అతను పక్కకి తప్పుకున్నాడు. ఈశ్వర్రావు అక్క చంకల కింద చేతులు పోనిచ్చి, పళ్ళు బిగించి, ఎదురుగా ఉన్న క్యాలెండరు మీద చూపు నిలిపాడు.

"గోడకేసి సూడకు బాబూ," అన్నాడు గౌరినాయుడు. "అక్క మొకం సూడు. అది ఆగమంటే ఎక్కడున్నా ఆగిపో."

కళావతి తలతిప్పి మొగుడికేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తమ్ముడితో, "ఎత్తు," అంది.