కాలువ మారిన రోజు

నజీర్ తను గీసిన కాగితాన్ని గురువుగారు మొహిబ్ షా ముందు పరిచి, పొంగిపోతూ నిలబడ్డాడు.

ఆ సూఫీ ఆశ్రమంలో బావినీళ్లన్నీ ఒకే కాలువలో ముందు వంటశాలకు వెళ్లి, అక్కణ్ణుంచి ఆరు వాకిళ్లకూ చేరేవి. వంటశాల దగ్గర గుప్పెడు మెతుకులు అడ్డుపడితే చాలు, ఆశ్రమమంతా నోరెండిపోయేది. నజీర్ గీసిన కొత్త కాలువతో ప్రతి వాకిలికీ రెండువైపుల నుంచీ నీళ్లు అందుతాయి. చక్కని ఆలోచనే. ఆ సంగతి అందరికంటే బాగా నజీర్‌కే తెలుసు, అదే వచ్చిన చిక్కు.

"శుక్రవారం పొద్దున్నే పాత కాలువ పీకేసి, ఆ రాళ్లతోనే కొత్తది కట్టేస్తాను హజ్రత్. నమాజుకు వచ్చినవాళ్లంతా చూస్తారు!"

మొహిబ్ షా కాగితాన్ని ఇష్టంగా చూశారు. "బాగుంది బేటా" అని, భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి కళ్లకు గట్టిగా కట్టారు. "ఇక వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని రా."

నజీర్ రెండడుగులు వేసి కుండకు కాలు తగిలించుకున్నాడు. కాసేపు ఆగితే ఎడమవైపు నీళ్ల గలగల వినిపించింది. ఆ చప్పుడు వెంట నడుస్తూ ఎవరినో గుద్దుకున్నాడు.

"నేను నాయనా, ఖుద్దూస్‌ని." పుట్టుకతో చూపులేని పెద్దాయన. "కాలువ పక్కనే కదా నా దారి. ముప్పై ఏళ్లుగా ఈ నీళ్లే నన్ను చెయ్యిపట్టి నడిపిస్తున్నాయి."

నజీర్ తువ్వాలు విప్పాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాగితంలో బావి ఉంది, వంటశాల ఉంది, ఖుద్దూస్ బాబా లేడు.

శుక్రవారం ఏమీ జరగలేదు. నజీర్ కొండ కింద నుంచి వేరే రాళ్లు మోసుకొచ్చి, పాతదానికి నాలుగడుగుల అవతల కొత్త కాలువ కట్టి నీళ్లు వదిలాడు. రెండూ పారాయి. రోజూ బాబాను మాటల్లో పెట్టి కొత్త గట్టు వెంట నడిపించాడు. పాత నీళ్ల చప్పుడు కొద్దికొద్దిగా తగ్గేలా, ఆ కాలువ మొదలు దగ్గర రోజుకో దోసెడు మట్టి వేశాడు. పై నెలలో ఒక ఉదయం అది పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజు కూడా అన్నం వేళకే ఉడికింది.

ఎవరైనా ఒక్క మాట అనకపోతారా అని నజీర్ రెండు రోజులు చూశాడు. ఎవరూ అనలేదు. మనసు కాస్త చివుక్కుమంది.

మూడో రోజు ఖుద్దూస్ బాబా కొత్త గట్టు వెంట ఒంటరిగా, చకచకా వచ్చాడు.

"నాయనా, పాత కాలువ ఆపే రోజు నాకు ముందే చెప్పు. దారి తప్పుతానేమోనని బెంగగా ఉంది."

నజీర్ నోటిదాకా వచ్చిన గొప్పను మింగేశాడు. పక్కనే కాళ్లు కడుక్కుంటున్న మొహిబ్ షా తలెత్తలేదు గానీ, గడ్డం మాటున నవ్వు కదిలింది.

"మీరు తప్పరులే బాబా" అన్నాడు నజీర్. అన్నాక, ఎందుకో చాలా హాయిగా అనిపించింది.