టోపీలకు దండం

గోరువంక సంస్థానాన్ని ఏలిన జగన్నాథ భూపతిగారికి కోపం తక్కువ, ఉక్రోషం ఎక్కువ. పక్క సంస్థానం రాజుగారి మనవడు కలెక్టరు దొరకు ‘గుడ్ మార్నింగ్’ చెప్పాడనీ, దొర మురిసిపోయి వాడి బుగ్గ గిల్లాడనీ తెలిసిన రోజు ఆయనకు అన్నం సయించలేదు.

“వాళ్లవాడు ఒక భాషలో చెబితే మనవాళ్లు రెండు భాషల్లో చెబుతారు,” అని నిండు కొలువులో ప్రకటించారు.

మనవాళ్లంటే ఆయన కొడుకు పిల్లలు, ఐదేళ్ల కవలలు, చిట్టిబాబు, చిన్నమ్మడు. రెండో భాష ఎందుకంటే, వచ్చే నెల కలెక్టరు దొరతో పాటు ఆకులూ మొక్కలూ ఏరుకునే జర్మనీ దొర ఒకాయన కోటకు వస్తున్నాడు.

దుబాసీ వేదాచలంగారు లేచి నిలబడ్డారు. ఆయనకు ఏడు భాషలు వచ్చు. ఏడింటిలోనూ తన గురించే మాట్లాడతారు.

“పసిబుర్ర చిన్న గిన్నె, మహాప్రభో. అందులో ఇప్పుడు తెలుగు నిండి ఉంది. దాన్ని ఒలకబోస్తే గాని ఇంగ్లీషూ జర్మనూ పట్టవు,” అన్నారు.

రాజుగారికి ఈ మాట నచ్చింది. అర్థంకాని మాటలన్నీ ఆయనకు నచ్చుతాయి. ఆనాటి నుంచి పిల్లల ఎదుట ఎవరూ తెలుగు మాట్లాడకూడదని హుకుం జారీ అయింది. పుట్టినప్పటి నుంచీ పిల్లల్ని పెంచిన దాది అప్పలనరసమ్మను ముందుగా బయటికి పంపారు. ఆమె కథ చెప్పనిదే వాళ్లు ముద్ద మింగేవాళ్లు కాదు. వేదాచలంగారి చదువు ఫలిస్తే ఆమె ఇక కోట గుమ్మం తొక్కనక్కర్లేదట.

ఆ కొలువులో జోగిపంతులు అని ఒకడుండేవాడు. అతని ఉద్యోగం పేరు ఎవరికీ తెలియదు. రాజుగారికి విసుగొచ్చినప్పుడు పక్కన ఉండటమే పని. అతను వినయంగా అడిగాడు.

“ఏడు భాషలు బుర్రలో పట్టించారు కదా, దుబాసీగారు తమ తెలుగును ఎప్పుడు ఒలకబోశారో?”

వేదాచలంగారు తనది పెద్ద బుర్ర అన్నారు. కొలువు నవ్వు ఆపుకుంది.

చదువు మొదలైంది. పెరట్లో రెండు కర్రలు పాతి, ఒకదానికి కలెక్టరు దొర పెట్టుకునేలాంటి నల్ల టోపీ, ఇంకొకదానికి జర్మనీ దొరలు పెట్టుకునేలాంటి ఈక గుచ్చిన ఆకుపచ్చ టోపీ తగిలించారు వేదాచలంగారు. నల్లదాన్ని చూస్తే ‘గుడ్ మార్నింగ్’, పచ్చదాన్ని చూస్తే ‘గూటెన్ మోర్గెన్’. పిల్లలు చురుకైనవాళ్లు, తొందరగానే పట్టేశారు. అంతకుమించి నేర్పడానికి వేదాచలంగారికి తోచలేదు.

తెలుగు మాట్లాడితే తిడతారని పిల్లలు దాహమేస్తే బొటనవేలు చూపించేవారు. ఒక పూట ఆకలేసి చిన్నమ్మడు వంటవాడికి గుడ్ మార్నింగ్ చెప్పింది. అన్నం రాలేదు. గూటెన్ మోర్గెన్ చెప్పింది. అయినా రాలేదు. అప్పుడు ఏడ్చింది. ఏడుపు మాత్రం వంటవాడికి అర్థమైంది. అది చూసిన జోగిపంతులుకు ఒళ్లు మండింది.

నేరుగా పెరట్లోకి వెళ్లి ఆ రెండు టోపీల చుట్టూ ఒకసారి తిరిగి, మొహం మామూలుగా పెట్టుకుని రాజుగారి దగ్గరికి వచ్చాడు. దొరలు వచ్చే రోజు అప్పలనరసమ్మను తెర వెనక నిలబెట్టమని అడిగాడు. ఆమె అవసరం పడకపోతే ఆమెతో పాటు తానూ కోట వదిలిపోతానన్నాడు.

“ఇంకొక చిన్న మనవి. దొరల టోపీలు పుచ్చుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ పని నాకిప్పించండి.”

ఇంత చిన్న కోరికకు రాజుగారు జాలిపడి సరేనన్నారు.

దొరలు వచ్చారు. కొలువంతా లేచింది. పిల్లలు జరీ అంగీలు తొడుక్కుని ముందు వరసలో ఉన్నారు. మనం చెప్పులు విప్పినట్టు దొరలు గుమ్మంలోకి రాగానే టోపీలు తీస్తారు. వేదాచలంగారు దొరల్ని చూసిందంతా వాకిట్లోనే, లోపలికి పిలిచినవాళ్లు లేరు. జోగిపంతులు మాత్రం రాజుగారి వెంట కలెక్టరు బంగళా లోపలిదాకా వెళ్లి వచ్చినవాడు.

కలెక్టరు నల్ల టోపీ తీశాడు. జర్మనీ దొర పచ్చ టోపీ తీశాడు. జోగిపంతులు రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి పిల్లల ఎదుట నిలబడ్డాడు.

పిల్లలు దొరలవైపు చూడనే లేదు. జోగిపంతులు కుడిచేతిలోని నల్ల టోపీకి గుడ్ మార్నింగ్, ఎడమచేతిలోని పచ్చ టోపీకి గూటెన్ మోర్గెన్ గట్టిగా చెప్పి, వంగి దండం పెట్టారు. జోగిపంతులు గంభీరంగా తల పంకించి రెండు దండాలూ అందుకున్నాడు.

రాజుగారి మొహం మాడిపోయింది. వేదాచలంగారు పిల్లలకు కళ్లతో సైగలు చేశారు. వాళ్లు ఆయనకూ గుడ్ మార్నింగ్ చెప్పారు.

“అవసరం పడింది, ప్రభూ,” అన్నాడు జోగిపంతులు.

రాజుగారు చెయ్యి ఊపారు. తెర తొలగింది. అప్పలనరసమ్మ పిల్లల వెనక మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా చెప్పింది.

“టోపీకి కాదు నాయినా. ఆ టోపీ ఎవుల నెత్తి మీంచి దిగిందో ఆలకి సెప్పండి.”

పిల్లల మొహాలు విప్పారాయి. గిర్రున తిరిగి కలెక్టరుకు ‘గుడ్ మార్నింగ్’, జర్మనీ దొరకు ‘గూటెన్ మోర్గెన్’ చెప్పారు. జర్మనీ దొర మురిసిపోయి చిట్టిబాబును ఎత్తుకున్నాడు. కలెక్టరు చిన్నమ్మడి బుగ్గ గిల్లాడు. పక్క సంస్థానం మనవడికి దక్కింది ఒక్క గిల్లుడే కనుక రాజుగారి ఉక్రోషం తీరిపోయింది.

“దుబాసీగారు పెట్టిన రెండు భాషలూ గిన్నెలోనే ఉన్నాయి ప్రభూ,” అన్నాడు జోగిపంతులు. “వాటిని వడ్డించడానికి గరిటె కావాల్సి వచ్చింది. దాన్నే మనం బయట పారేశాం.”

రాజుగారు పడీ పడీ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా దొరలూ నవ్వారు. చిన్నమ్మడు అప్పలనరసమ్మ మెడ పట్టుకుని, నెలరోజులుగా దాచుకున్న తెలుగంతా ఆమె చెవిలో పోస్తోంది. రాజుగారు జోగిపంతులుకు కప్పిన శాలువాను అతను దాది భుజాల మీద వేశాడు. ఆమె ఆనాడే కోటలోకి వచ్చేసింది.

వేదాచలంగారికీ అన్యాయం జరగలేదు. దొరల టోపీలు పుచ్చుకునే ఉద్యోగం ఆ రోజే ఆయనకు ఖాయమైంది.